అప్‌డేట్: ఇన్‌డిజైన్‌లో తెలుగు ఫాంట్ బోల్డ్ కాని సమస్య తీరింది

విజయనగరం సిరిమానోత్సవానికి వేస్తున్న చిన్న పుస్తకం పేజీలు పెడుతూ ఇక్కడ అడిగాను: మండలి ఫాంట్ వర్డ్‌లో బోల్డ్ అవుతోంది, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మాత్రం బోల్డ్ షార్ట్‌కట్ కంట్రోల్ షిఫ్ట్ బి నొక్కినా మారడం లేదని. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఫాంట్ ఫ్యామిలీ, అంటే ఆ ఫాంట్‌లో ఏయే స్టైల్స్ ఉన్నాయో చూడమన్న సలహాయే పనిచేసింది. మండలిలో ఉన్నది రెగ్యులర్ ఒక్కటే. బోల్డ్ లేకపోతే వర్డ్ తానే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది. ఇన్‌డిజైన్ అలా చేయదు, ఫ్యామిలీలో నిజంగా బోల్డ్ ఉంటేనే మారుస్తుంది. క్యారెక్టర్ ప్యానెల్‌లో ఫాంట్ పేరు కింద స్టైల్ లిస్టు తెరిస్తే సంగతి తెలిసిపోతుంది.

నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంట్ రెగ్యులర్, బోల్డ్ రెండూ ఇన్‌స్టాల్ చేశాక అదే షార్ట్‌కట్ చక్కగా పనిచేస్తోంది. అక్షరం చుట్టూ గీత (స్ట్రోక్) పెట్టి లావు చేయమన్నారు కొందరు కానీ, అలా చేస్తే ‘పైడితల్లి’లో ల్లి కింద వత్తు పూడుకుపోయింది. అసలు బోల్డ్‌లో తేటగా ఉంది.

ఇటాలిక్ ఇందులోనూ లేదు. అక్షరాన్ని పక్కకు వాల్చే స్క్యూ ఇస్తే తలకట్లు ఒరిగిపోయి చూడబుద్ధి కాలేదు, పద్యాలకు రంగు మార్చాను.

ఫాంట్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, క్యాష్ తుడవడం దీనికి సంబంధం లేనివి. తెలుగు లాంటి లిపుల అక్షరాలను సరిగా కూర్చే ఇన్‌డిజైన్ సెట్టింగ్ వరల్డ్ రెడీ కంపోజర్‌కూ బోల్డ్‌కూ సంబంధం లేదు, కానీ ఒత్తులు సరిగా పడాలంటే అది ఆన్‌లోనే ఉంచండి.