హాల్ క్లెమెంట్: కథకుడా, లెక్కల మాస్టారా?

బీచ్‌రోడ్డు చదువరి:
మొన్న ఆదివారం కురుసుర జలాంతర్గామి ఎదురుగా కూర్చుని నలుగురం గంటన్నర పోట్లాడుకున్నాం. తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా వాదన ఇది: అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత హాల్ క్లెమెంట్ సైన్సు మాస్టారే గానీ కథకుడు కాదు.

1953లో అస్టౌండింగ్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికలో సీరియల్‌గా వచ్చిన ఆయన నవల 'మిషన్ ఆఫ్ గ్రావిటీ' చదవనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. మెస్క్లిన్ అనే భారీ గ్రహం 18 నిమిషాలకోసారి బొంగరంలా తిరుగుతుంది. ఆ వేగానికి అట్టులా చదునైపోయింది. మధ్యరేఖ దగ్గర గ్రావిటీ మనకి 3 రెట్లు, ధ్రువాల దగ్గర దాదాపు 700 రెట్లు. ధ్రువం దగ్గర మనుషుల రాకెట్ ఇరుక్కుపోతుంది. అక్కడికి మనిషి వెళ్ళలేడు. అందుకని మూరెడు కూడా లేని, జెర్రిలాంటి ఓ ఓడ కెప్టెన్‌తో బేరం కుదుర్చుకుంటారు. వాడి పేరు బార్లెనన్.

ప్రేమ లేదు, ఏడుపు లేదు, పగ లేదు. ఒక సమస్య, దానికి జవాబు, మళ్ళీ ఇంకో సమస్య. ఎంట్రన్స్ పేపరు చదివినట్టుంది.

ఎంవీపీ కెమిస్ట్రీ టీచర్:
మాస్టారు అనడం తిట్టా అండీ? ఆయన నిజంగానే మాస్టారు. అసలు పేరు హ్యారీ క్లెమెంట్ స్టబ్స్. 1942లో తొలి కథ అచ్చయ్యేనాటికి హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం చదువుతున్నాడు. యుద్ధంలో బి-24 బాంబర్ నడుపుతూ యూరప్ మీద 35 సార్లు దాడులకు వెళ్ళాడు. తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి మసాచుసెట్స్‌లో బడిపిల్లలకు సైన్సు చెప్పాడు. ఉద్యోగం పోను మిగిలిన టైములో రాసుకున్నాడు కాబట్టి పుస్తకాలు తక్కువే.

ఆయన 'ఐస్‌వరల్డ్' చూడండి. గంధకాన్ని ఆవిరిగా పీల్చే జీవులకు మన భూమి గడ్డకట్టించే చలి ప్రదేశం. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి, చెమటలు కారుతుండగా చదివాను. నవ్వు ఆగలేదు.

బీచ్‌రోడ్డు చదువరి:
మేడమ్, అది ఐడియా. నేనడుగుతున్నది పాత్రల సంగతి.

గాజువాక బీటెక్:
పాత్రలు తర్వాత, ముందు లెక్కే తప్పు కదండీ. ఆ 700 అన్నది తర్వాత మళ్ళీ వేసి చూస్తే అందులో సగం కూడా రాలేదు, ఆయనే ఒప్పుకున్నాడు. గ్రహం అట్టులా కాదు, మధ్యరేఖ దగ్గర అంచు పదునుగా తేలి ఉండాలని అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ కుర్రాళ్ళు తేల్చారు. పైగా 61 సిగ్ని నక్షత్రం పక్కన కంటికి కనబడని భారీ వస్తువేదో ఉందని 1940ల్లో శాస్త్రవేత్తలు అంటే, దాన్ని నమ్మి కట్టిన కథ ఇది. అసలు ఆ వస్తువే లేదని తర్వాత తేలింది. హార్డ్ సైన్స్ ఫిక్షన్‌లో, అంటే అసలు సైన్సు లెక్కల మీదే కట్టే కథల్లో, సైన్సే నిలవకపోతే ఇంకేం మిగిలింది?

ఎంవీపీ కెమిస్ట్రీ టీచర్:
బాబూ, అది స్లైడ్ రూల్ (లెక్కలు చేసే జారుడు స్కేలు) కాలం. నవల సీరియల్‌గా వస్తుండగానే, అదే పత్రికలో 'వర్లిగిగ్ వరల్డ్' అని ఓ వ్యాసం రాసి, గ్రహాన్ని ఎలా కట్టాడో ఆయనే విప్పి చూపించాడు. ఇదొక ఆట అన్నాడు. రచయిత వీలైనన్ని తక్కువ తప్పులు చేయాలి, పాఠకుడు వీలైనన్ని పట్టుకోవాలి. ఎంఐటీ వాళ్ళు చేసింది అదే.

జాలరిపేట మనిషి:
ఈ పుస్తకం చదవడానికి నాకు మూడు నెలలు పట్టింది, నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఒకటి చెప్పాలి.

మా తాత తెప్ప మీద వేటకెళ్ళేవాడు. తెప్ప అంటే దుంగల్ని తాడుతో కట్టినది. కెరటం కింద నుంచి ఎత్తినప్పుడు కట్టు కాస్త వదులిస్తుంది, ఏ దుంగకాదుంగ కదులుతుంది. పైకొచ్చిన నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి. అదే మేకులు కొట్టి బిగించావా, కెరటం దెబ్బకి విరిగిపోద్ది. బార్లెనన్ ఓడ 'బ్రీ' కూడా అంతే, చిన్న చిన్న తెప్పల్ని తాళ్ళతో కలిపి కట్టినది. వాళ్ళ సముద్రంలో ఉండేది మీథేన్ అయితే ఏంటి? ఆ ఓడ చూసిన దగ్గర్నుంచి వాడు నాకు తెలిసినవాడే.

ఇక ట్యాంకు సీను. లాక్లాండ్ అనే మనిషి వాణ్ణి ఎత్తి ట్యాంకు కప్పు మీద పెడతాడు. మనం చంటిపిల్లాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టినట్టు, అంతే. కానీ వాడి చోట బెత్తెడు ఎత్తు నుంచి పడ్డా చావే. విసరడం అనే ఆలోచనే వాళ్ళకి రాదు. నెత్తి మీద ఏదైనా ఉందంటే ప్రాణాలు పైకే. కప్పు మీద వాడు కొయ్యబారిపోతాడు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా తనంతట తానే ఆ భయాన్ని అలవాటు చేసుకుంటాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మా అమ్మ రెండేళ్ళు చెట్టు కింద నిలబడలేదు, ఎంత ఎండైనా సరే. ఆమె కథలోనూ విలన్ లేడు.

బీచ్‌రోడ్డు చదువరి:
ట్యాంకు సీను ఇచ్చేశాను, తీసుకోండి. మరి లాక్లాండ్? ఆయనకి ఇల్లుందా, ఎదురుచూసేవాళ్ళున్నారా? ఒక్క ముక్క లేదు. జెర్రి పాత్ర అయ్యాడు, మనిషేమో రేడియోలో గొంతుగా మిగిలిపోయాడు. ఇది లోపం కాదని ఎవరైనా చెప్పండి.

ఎంవీపీ కెమిస్ట్రీ టీచర్:
లోపమే. కాదనను. కానీ చివర్లో బార్లెనన్ పెట్టే బేరం గుర్తుందా? రాకెట్ సంగతి తేల్చే ముందు, మీ యంత్రాలు ఎలా పనిచేస్తాయో మొదటి పాఠం నుంచి నేర్పమంటాడు. నా సర్వీసు మొత్తంలో అలా అడిగిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళంతా "మేడమ్, ఇది పరీక్షకొస్తుందా" బాపతే.

గాజువాక బీటెక్:
నేనూ ఆ బాపతేనండీ. సరే, రాత్రి లెక్క మొదలుపెట్టా. మెస్క్లిన్ బరువు గురుగ్రహానికి 16 రెట్లు. 18 నిమిషాల రోజు అంటే మన ఒక్క రోజులో వాళ్ళకి 80 రోజులు. అక్కడిదాకా వచ్చింది, ఆకారం దగ్గర ఆగిపోయా. ఇంత చదునైనదాన్ని గోళం సూత్రంతో చేస్తే జవాబు ఎక్కడికో పోతోంది. ఎవరికైనా వస్తే స్టెప్పులతో సహా పెట్టండి.