అప్‌డేట్: అమ్మాయిలను ఒక్కొక్కరినే బయటికి తీసుకెళ్లడం గురించి

ఎనిమిదేళ్ల పెద్దదాన్ని, ఐదేళ్ల చిన్నదాన్ని విడివిడిగా బయటికి తీసుకెళ్తే ఇంట్లో ఉండిపోయిన పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని అడిగాను కదా. వంతులు ముందే చెప్పేయమని చాలామంది అన్నారు. క్యాలెండర్‌లో ఆదివారాల మీద వాళ్ల పేర్లు వాళ్లచేతే రాయించాం. ఏడుపులు బాగా తగ్గాయి.

పెద్దదాన్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను (శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి). గంట కొట్టే గడియారం ముందు పన్నెండుకి చాలా ముందే కూర్చున్నాం. బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే నా వేళ్లు నొక్కుతూ లెక్కపెట్టింది. అంతకుముందు, ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడే, స్కూల్లో తన ఫ్రెండ్ మాట్లాడటం మానేసిందని మెల్లగా చెప్పింది. ఇంట్లో అయితే చెల్లి మధ్యలో దూరేది, ఈ మాట నాదాకా వచ్చేదే కాదు. అందుకే ఈ ఆదివారాలు నాకిప్పుడు అంత ముఖ్యం.

చిన్నదానికి ఫలానా చోటని లేదు. నెక్లెస్ రోడ్ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు, ప్రతి స్టేషన్ పేరూ నాచేత చదివిస్తుంది.

ఫోన్ జేబులోంచి తీయొద్దన్నవారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. ఈసారి పెద్దది గోల్కొండ ఎక్కుదామంటోంది. ఎండ ముదరకముందే, పొద్దున్నే బయల్దేరతాం.