పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల సంఘ కూడిక: సరైన జవాబులు వస్తున్నాయి, మాట మాత్రం కలవడం లేదు

ఆవగింజ (ప్రశ్న):

సహోదరీ సహోదరులకు వందనాలు. మా సంఘంలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కూడికను చూసుకునే బాధ్యత ఈ మధ్య నాకు అప్పగించారు. వీరు సండే స్కూల్ వయసు దాటినవారు, పెద్ద యవనస్థుల మధ్య ఇంకా ఇమడలేనివారు. ముందు నుంచీ వస్తున్న పద్ధతి ప్రకారం వారానికి ఒక విలువ చొప్పున పాఠం జరుగుతుంది. ఒక వారం నిజాయితీ, మరో వారం విధేయత, ఆ తర్వాత క్షమాపణ. ప్రతి పాఠానికీ ఒక కథ, ఒక కంఠత వాక్యం, చివర నాలుగు ప్రశ్నలు, ప్రార్థన ఉంటాయి. పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు, అడిగిన దానికి జవాబు చెబుతారు. "అబద్ధమాడవచ్చా?" అంటే "ఆడకూడదు" అంటారు, "ఎవరిలా ఉండాలి?" అంటే "యేసులా" అంటారు. నేను ఏ జవాబు కోసం చూస్తున్నానో వారు నా ముఖం చూసే పట్టేస్తారు.

నా ఇబ్బంది అదే. కూడిక అయిపోయి చెప్పులు వేసుకుంటూ వారు తమలో తాము మాట్లాడుకునే మాటలు వేరు. ఎవరిని ఏ గ్రూపులోంచి తీసేశారు, ఎవరి ఫోటో కింద ఎవరేమి రాశారు, పరీక్షలో ఎవరు ఎవరికి పేపరు చూపించారు, ఇవేవీ పాఠం జరుగుతున్నప్పుడు ప్రస్తావనకే రావు. తల్లిదండ్రులు మాత్రం "మావాడికి కాస్త మాట వినడం నేర్పండి, అది చాలు" అంటారు. పిల్లలను మర్యాదస్థులుగా తయారు చేయడమే మన పని అయితే దానికి సువార్త ఎందుకు, నీతికథల పుస్తకం సరిపోదా అనే ఆలోచన నన్ను వదలడం లేదు. ఈ వయసు పిల్లలతో పని చేసినవారు వాక్యాన్ని ఎలా తీసుకున్నారో, కంఠత వాక్యాలను కొనసాగించాలో తగ్గించాలో చెప్పగలరని మనవి.

దివిటీ:

విలువను ముందు పెట్టుకొని దానికి సరిపడే కథను వెనుక తగిలించడంతోనే చిక్కు మొదలవుతుందని నా అభిప్రాయం. కథ మొదలు కాకముందే దాని ముగింపు బోర్డు మీద రాసి ఉంటే, అందులో పిల్లలు కనుక్కోవలసినది ఏమీ మిగలదు. యోసేపు కథనే తీసుకోండి. దానికి "క్షమాపణ" అని పేరు పెట్టామంటే, ఆదికాండము 42 నుంచి 44 వరకు ఉన్న అధ్యాయాలను చాలాసార్లు దాటేస్తాం. అక్కడ యోసేపు, ఒకప్పుడు తనను అమ్మేసిన అన్నలను గూఢచారులని నిందిస్తాడు, మూడు రోజులు కావలిలో ఉంచుతాడు, వారిలో ఒకడైన షిమ్యోనును వారి కళ్లముందే బంధింపజేస్తాడు, చివరికి తమ్ముడు బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించి వారేమి చేస్తారో చూస్తాడు. మధ్యమధ్య పక్కకు వెళ్లి ఏడుస్తాడు కూడా. క్షమించడమూ మళ్లీ నమ్మడమూ ఒకటేనా అనే ప్రశ్న అక్కడ దానంతట అదే లేస్తుంది. స్నేహితుడు మోసగించినప్పుడు పెద్దలు "క్షమించెయ్" అంటే, ఈ వయసు పిల్లలకు అది "ఏమీ జరగనట్టు ఉండు" అన్నట్లు వినిపిస్తుంది కాబట్టి ఆ ప్రశ్న వారికి చాలా అవసరం.

అందుకే పాఠానికి విలువ పేరు పెట్టకుండా, ఒక భాగాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివించి, మధ్యలో సరైన చోట ఆపడం మంచిది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి ఉపమానాన్ని మేము ఎలా చదివామో కాస్త వివరంగా చెబుతాను. పొద్దున్నే వచ్చినవారు, పొద్దుపొడుపు నుంచి లెక్కిస్తే మూడు, ఆరు, తొమ్మిది, పదకొండు గంటలకు వచ్చినవారు, ఇలా పిల్లలను ఐదు జట్లుగా కూర్చోబెట్టి, ఒకరిని యజమానిగా ఉండమన్నాము. అందరికీ ఒక్కొక్క దేనారమే (ఒక రోజు కూలి) అందాక 12వ వచనం దగ్గర చదవడం ఆపి, "ఇప్పుడు మీరేమంటారు?" అని మాత్రమే అడిగాము. పొద్దున్నే వచ్చిన జట్టు ఒక్కసారిగా లేచింది. అన్యాయమన్నారు, రేపటి నుంచి మేమూ సాయంత్రమే వస్తామన్నారు, ఒకబ్బాయి యజమానితో నిజంగానే గొడవకు దిగాడు. అప్పుడు మేము యజమాని పక్షం తీసుకోలేదు. అది చాలా ముఖ్యం, ఎందుకంటే మనం దేవుని తరఫు వకీళ్లలా మాట్లాడిన మరుక్షణం పిల్లలు మళ్లీ "సరైన జవాబు"లోకి వెళ్లిపోతారు. కొంతసేపు పోనిచ్చి, సాయంత్రం వచ్చిన జట్టును "పగలంతా ఎందుకు ఖాళీగా ఉన్నారు?" అని అడిగాము. వారు 7వ వచనం వెతికి చదివారు: ఎవరూ తమను కూలికి పెట్టుకోలేదు. అంతవరకు నోరు విప్పని ఒక అమ్మాయి, "ఆటలో జట్లు పంచుకునేటప్పుడు చివరి వరకు ఎవరూ పిలవనివాళ్లలాగా" అంది. ఆ తర్వాత నేను చెప్పవలసినది పెద్దగా లేకపోయింది.

ఆ రోజు ఎవరూ ఏ విలువ పేరూ పలకలేదు. కానీ కృప గురించీ, తమ తరగతిలో పక్కకు నెట్టేయబడే పిల్లల గురించీ అంతసేపు వారు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ప్రతి భాగమూ ఇలా పండుతుందని చెప్పలేను. సామెతల గ్రంథంతో ఇలా చేయబోతే పిల్లలకు నిద్ర వస్తుంది.

పాతనుయ్యి:

దివిటీ గారి పద్ధతి బాగుంది, కానీ అది చదివిన ఉత్సాహంలో కంఠత వాక్యాలను పక్కన పెట్టవద్దని ఆవగింజ గారికి నా విన్నపం. నేర్చుకున్న రోజున అర్థం కాని వాక్యం పదేళ్ల తర్వాత కష్టంలో నోటికి వస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అది అర్థమయ్యేంత కష్టం ఇంకా రాకపోయి ఉండవచ్చు. కంఠతం చేయించి అక్కడితో వదిలేయడమే లోపం. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ సంఘాలను తిరిగి చూసి, సామాన్య విశ్వాసులకు పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కూడా రావని బాధపడి, 1529లో చిన్న ప్రశ్నోత్తరిని వెలువరించాడు. అందులో ఒక్కొక్క ఆజ్ఞ తర్వాత "దీని అర్థమేమిటి?" అన్న ప్రశ్న వస్తుంది. అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞకు అతడిచ్చిన వివరణ అబద్ధమాడకపోవడంతో ఆగదు. పొరుగువాని పేరు చెడగొట్టకూడదని, అతని పక్షాన మాట్లాడాలని, అతడు చేసినదానికి వీలైనంత మంచి అర్థమే తీసుకోవాలని అంటుంది. గ్రూపుల్లో ఒకరి గురించి ఒకరు రాసుకునే పిల్లలకు ఇంతకంటే సూటిగా తగిలే మాట ఏముంటుంది?

ఇక, సువార్త ఎందుకు అని మీరు అడిగినదానికి వస్తాను. క్రిస్టియన్ స్మిత్, మెలిండా లండ్‌క్విస్ట్ డెంటన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలోని టీనేజ్ పిల్లల విశ్వాసాన్ని పరిశీలించి 2005లో రాసిన పుస్తకంలో, వారిలో చాలామంది అసలు నమ్మకం ఇదని తేల్చారు: దేవుడు ఉన్నాడు, మనం మంచిగా ఉండాలని కోరుకుంటాడు, జీవితానికి గురి సంతోషంగా ఉండటం, సమస్య వచ్చినప్పుడు తప్ప దేవునితో పెద్దగా పని లేదు, మంచివాళ్లు చనిపోయాక పరలోకానికి వెళతారు. అది వారు తమ దేశం గురించి చెప్పిన మాటే అయినా, మనం వారానికి ఒక విలువ చొప్పున ఎన్నేళ్లు చెప్పినా పిల్లలు చేరేది దాదాపు అక్కడికే అని నాకు అనిపిస్తుంది. సిలువ లేకపోయినా ఆ నమ్మకానికి లోటేమీ ఉండదు, చూశారా?

వరుస మారితే అంతా మారుతుంది. నిర్గమకాండము 20వ అధ్యాయంలో మొదటి ఆజ్ఞకు ముందే, దాసులుగా ఉన్నవారిని ఐగుప్తు నుంచి రప్పించిన దేవుడను నేనే అన్న మాట ఉంది. విడుదల ముందు, ఆజ్ఞ వెనుక. 1563 నాటి హైడెల్‌బెర్గ్ ప్రశ్నోత్తరి కూడా పది ఆజ్ఞలను పాపం గురించిన మొదటి భాగంలో కాకుండా, రక్షణ గురించిన రెండో భాగం తర్వాత, కృతజ్ఞత గురించిన మూడో భాగంలో వివరిస్తుంది. సువార్తలో కనిపించే పన్ను వసూలుదారుడు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము 5వ అధ్యాయం అడిగినది అసలు మొత్తమూ, దానిపై అయిదవ వంతూ మాత్రమే. అతడు అంతకు మించి ఇవ్వడానికి సిద్ధపడినది యేసు అతని ఇంట ఉంటానన్న తర్వాతే గాని ముందు కాదు. "నువ్వు మారితే దేవుడు నిన్ను ప్రేమిస్తాడు" అని మనం ఎక్కడా అనకపోయినా, విలువల పాఠాల్లో పిల్లలు ఆ మాటే వింటారు. బాగా చదివే, బుద్ధిగా ఉండే పిల్లలు దానిని మరింత గట్టిగా నమ్ముతారు కాబట్టి ముందు వారి గురించే ఆలోచించండి. మార్కు 10వ అధ్యాయంలోని ధనవంతుడు చిన్నప్పటి నుంచి ఆజ్ఞలన్నీ పాటించినవాడే. యేసు అతనిని చూసి ప్రేమించాడని రాసిన తర్వాతే, అతనికి ఒకటి కొదువగా ఉందన్న మాట వస్తుంది.

ఇద్దరుబిడ్డలతల్లి:

నేను బోధించేదానిని కాను, ఈ వయసు పిల్లలున్న తల్లిని. "మాట వినడం నేర్పండి" అని అడిగే మమ్మల్ని కొంచెం అర్థం చేసుకోండి, ఇంట్లో తలుపు వేసుకొని ఫోను పట్టుకొని కూర్చునే బిడ్డను చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. అయితే ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమని చెప్పినది మాతోనే అని నేను ఒప్పుకుంటాను. వారానికి ఒక గంట మీ దగ్గర కూర్చుంటారు, మిగతా సమయమంతా మా దగ్గరే ఉంటారు. మీరు ఆ వారం చదివిన భాగమేమిటో, దాని మీద ఒక ప్రశ్నేమిటో మాకు రాసి పంపితే చాలు. పాఠం సారాంశం మాత్రం పంపవద్దు, పంపితే మేము వెంటనే దానిని బిడ్డకు ఉపదేశంగా మార్చేస్తాము.

ఫోటోల సంగతి మీరు నేరుగా ఎత్తాలి. "ఫోను చెడ్డది" అంటే పిల్లలు అక్కడితో వినడం ఆపేస్తారు. దానికి బదులు ఒక సంగతి చెప్పి అడగండి: ఒక అమ్మాయి ఫోటోను ఎవరో వెక్కిరింపుగా మార్చి గ్రూపులో పెట్టారు, ముప్పై మంది నవ్వారు, నువ్వు పెట్టలేదు, నవ్వలేదు, చూసి ఊరుకున్నావు, నీ తప్పు ఏమైనా ఉందా? చెడు చేయడానికి గుంపు వెంట వెళ్లవద్దని నిర్గమకాండము 23వ అధ్యాయంలో ఉందని మా బిడ్డకు తెలిసింది ఇలాంటి చర్చలోనే. ఆ అమ్మాయికి విడిగా ఒక్క మాట రాయడం, మళ్లీ ఎవరికీ పంపకపోవడం, పెద్దవారికి చెప్పడం, వీటిలో ఏది సులువు, ఏది కష్టం అని పిల్లలే తేల్చుకున్నారు. పెద్దవారికి చెప్పడమే అన్నిటికంటే కష్టమని అందరూ అన్నారు.

మరొకటి, ఇది విలువల కంటే ముందు రావలసినది. పిల్లలు మనసు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాక బాధాకరమైన సంగతులు కూడా బయటికి వస్తాయి. "ఎవరికీ చెప్పను" అని ఏ బిడ్డకూ మాట ఇవ్వకండి. బిడ్డకు హాని జరుగుతున్నట్టు తెలిస్తే సంఘ కాపరికీ, చట్టప్రకారం చెప్పవలసినవారికీ చెప్పి తీరాలి, ఆ సంగతి పిల్లలకు మొదటి రోజే తెలియాలి. కూడికలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండటం, ఏ పెద్దవారూ ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకపోవడం, రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పంపకపోవడం రాసిపెట్టుకున్న నియమాలుగా ఉంటే మాలాంటి వారికి ధైర్యం.

ఆవగింజ:

అందరికీ కృతజ్ఞతలు. పెద్దల నియమాలను ఈ వారమే సంఘ పెద్దల ముందు పెడతాను. కంఠత వాక్యాలను ఆపను, వాటి వెనుక "దీని అర్థమేమిటి?" అన్న ప్రశ్న చేరుస్తాను. ఒక సందేహం మిగిలింది. మా కూడికలో ఒక అబ్బాయి నానమ్మ స్వస్థత కోసం ఉపవాసముండి ప్రార్థించాడు. ఆమె మరణించింది. "దేవుడు వినలేదా, నా విశ్వాసం చాలలేదా?" అని అందరి ముందు అడిగాడు. విశ్వాసం అనే పాఠం చెబుతున్న రోజే అడిగాడు. అతనికి ఏమని చెప్పాలి?

దివిటీ:

ముందుగా, చాలలేదన్న మాట అతని మనసులోంచి తీసేయండి, దానిని రేపటి వరకు కూడా ఉంచకండి. ఆవగింజంత విశ్వాసం చాలని చెప్పిన ప్రభువు విశ్వాసాన్ని తూకం వేసి ఇచ్చేవాడు కాడని అతనికి సూటిగా చెప్పవచ్చు. ఎందుకు అన్న ప్రశ్నకు మాత్రం మీ దగ్గర లేని జవాబు ఇవ్వకండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దారిలో ఏడ్చాడని యోహాను 11వ అధ్యాయం చెబుతుంది కాబట్టి, ఏడవడం విశ్వాసం లేకపోవడం కాదని అతనికి తెలియాలి.

పాతనుయ్యి:

దానికి తోడు 13వ కీర్తన, 88వ కీర్తన చదివించండి. మొదటిది "ఎన్నాళ్లవరకు" అని అడుగుతూ మొదలై పాటతో ముగుస్తుంది, రెండోది చీకటిలోనే ముగుస్తుంది. రెండూ దేవుని ముందు చేసిన ప్రార్థనలే, రెండూ వాక్యంలోనే ఉన్నాయి. 88వ కీర్తన తర్వాత సంతోషంగా ఉన్న ఇంకో వాక్యం జోడించాలని మీకు బలంగా అనిపిస్తుంది, జోడించకండి. అబ్బాయికి ఇష్టమైతే తన ప్రార్థనను అదే పద్ధతిలో సొంత మాటల్లో రాసుకోమనండి, అందరి ముందు చదవమని మాత్రం అడగవద్దు.