ర్యామ్ మనమే మార్చుకుంటే వారంటీ పోయినట్టేనా?

కాకినాడ_కుర్రాడు:
ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. ల్యాప్‌టాప్ కొని ఏడాది కూడా కాలేదు, మూడేళ్ల వారంటీ ఉంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే 8 జీబీ ర్యామ్ (మెమరీ) దానికే చాలడం లేదు. లోపల ఇంకో ర్యామ్ పెట్టుకునే స్లాట్ ఖాళీగా ఉంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "మా దగ్గరే వేయించాలి, బయట విప్పితే వారంటీ ఉండదు" అన్నారు. వాళ్లు చెప్పిన రేటు బయట రేటుకి దాదాపు రెట్టింపు. నేనే వేసుకుంటే నిజంగా వారంటీ పోతుందా?

బిల్లు_బాబాయ్:
ముట్టుకోకు. వారంటీ ఉన్నన్నాళ్లూ అది సగం కంపెనీదే అనుకో. రేపు డిస్‌ప్లే పోయినా, మదర్‌బోర్డు పోయినా ముందు అడిగేది "ఎవరు విప్పారు?" అనే. జాబ్ షీట్ మీద సీఐడీ అని రాస్తారు. పోలీసులు కాదులే, కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్. ఆ మూడక్షరాలు పడ్డాక నువ్వు ఎంత మొత్తుకున్నా అంతే.

డల్లాస్_సుబ్బు:
బాబాయ్ గారూ, మరీ భయపెట్టేస్తున్నారు. అమెరికాలో దీని మీద 1975 నుంచీ మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. మా పార్టులే వాడాలి, మా దగ్గరే రిపేరు చేయించాలి, లేదంటే వారంటీ లేదు అని షరతు పెట్టడం కుదరదు. విప్పితే వారంటీ రద్దు అని స్టిక్కర్లు అంటించినందుకు ఇక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2018లో కొన్ని పెద్ద కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2024లో గిగాబైట్, ఆస్‌రాక్, జొటాక్ అనే కంప్యూటర్ పార్టుల కంపెనీలకూ పంపింది. మీరు పాడుచేశారని కంపెనీ చూపించగలిగితే ఆ రిపేరు వరకు కాదనొచ్చు, అంతే.

బిల్లు_బాబాయ్:
డల్లాస్ చట్టం కాకినాడ కౌంటర్లో చెల్లుతుందా నాయనా?

న్యాయం_నాగమణి:
చెల్లదు. మన దగ్గర అంత సూటిగా రాసిన చట్టం లేదు కూడా. కానీ అదే తర్కం మన దగ్గరా వచ్చింది. 2014లో కార్ల కంపెనీల కేసులో మార్కెట్లో పోటీ సరిగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఏం చెప్పిందంటే, బయట మెకానిక్ దగ్గర రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయకూడదు, ఆ రిపేరు సరిగా చేయకపోవడం వల్ల జరిగిన నష్టం మేరకే కాదనాలి అని. అది కార్ల కేసు, ల్యాప్‌టాప్‌లకు నేరుగా వర్తించదు. అయినా వాదనకు పనికొస్తుంది.

ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ఖరీదు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. దానికంటే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. ఒకటి మాత్రం మర్చిపోవద్దు. కౌంటర్లో నోటితో చెప్పింది రేపు నిలబడదు. "ర్యామ్ వేసుకుంటే వారంటీ షరతుల్లో ఏ నిబంధన కింద రద్దవుతుంది?" అని కంపెనీకి మెయిల్ పెట్టండి. కాగితం మీదకు వచ్చేసరికి జవాబు మారిపోవడం మామూలే.

బిల్లు_బాబాయ్:
యాభై వేల ల్యాప్‌టాప్ కోసం కమిషన్ చుట్టూ తిరుగుతాడా, సెమిస్టర్ పరీక్షలు రాసుకుంటాడా? గెలుస్తాడు సరే, ఆలోపు అసైన్‌మెంట్లు దేని మీద చేస్తాడు?

పార్క్‌లేన్_మెకానిక్:
సికింద్రాబాద్‌లో ఇదే నా పని కాబట్టి చెప్తున్నా. ర్యామ్ వేసినందుకు వారంటీ పోయినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. వేసేటప్పుడు చేసిన పనికి పోయినవాళ్లు చాలామందే. సర్వీస్ వాళ్లు ముందు చూసేది స్క్రూ తలలు అరిగాయా, అడుగు కవర్ క్లిప్పులు విరిగాయా, లోపల తడి మచ్చలున్నాయా అనే.

తమ్ముడూ, కొన్ని మోడళ్లలో వెనక రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉంటాయి. అవి తీయకుండా కవర్ లాగితే క్లిప్పులు టకటకా పోతాయి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, తీసినవి తీసినట్టే కాగితం మీద అదే వరుసలో పెట్టుకో. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన కీబోర్డు వైపు ఉబ్బుతుంది. షట్‌డౌన్ చేసినా బ్యాటరీ నుంచి బోర్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే కవర్ తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ప్లాస్టిక్ పుల్లతోనే. ర్యామ్‌ని ఏటవాలుగా లోపలికంటా తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి.

అన్నిటికంటే ముందు నీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చూడు. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటివాళ్లు నెట్‌లోనే పెడతారు. ర్యామ్ మార్చే పద్ధతిని కంపెనీయే బొమ్మలేసి చూపించాక, విప్పడమే తప్పని ఎలా అంటుంది?

వైజాగ్_వాసు:
ఒక చిన్న కిటుకు. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు కొత్త ర్యామ్ తీసేసి, పాతదొక్కటే ఉంచి ఇవ్వండి. గొడవే ఉండదు.

బిల్లు_బాబాయ్:
అంటే దాచిపెట్టమనేగా! తప్పు లేనప్పుడు దాచడం ఎందుకు?

పార్క్‌లేన్_మెకానిక్:
దాచడం కాదు బాబాయ్. బయట కొన్న ర్యామ్ తీసేసి చూడమని వాళ్లే అంటారు, లోపం దేనిదో తేలాలి కదా. కొత్త ర్యామ్‌కి ల్యాప్‌టాప్ కంపెనీ వారంటీ ఎలాగూ ఉండదు, ర్యామ్ కంపెనీదే వేరే ఉంటుంది. ఆ బిల్లు జాగ్రత్త. "మీరు విప్పారా?" అని అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు.

న్యాయం_నాగమణి:
ఆ ఆఖరి మాట నాదీ. అబద్ధం ఆడి దొరికితే ఉన్న కేసు కూడా పోతుంది.

కాకినాడ_కుర్రాడు:
మాన్యువల్ దొరికింది. మెమరీ తీయడం, పెట్టడం బొమ్మలతో సహా ఉంది. కంపెనీకి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. ఈలోగా ఆఫర్లో ఉందని 8 జీబీ డీడీఆర్5 (కొత్త తరం) ర్యామ్ ఆర్డర్ చేద్దామనుకుంటున్నా.

బిల్లు_బాబాయ్:
జవాబు వచ్చేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోకు. నా మాట అదే.

పార్క్‌లేన్_మెకానిక్:
ఆర్డర్ ఆపు! నీ స్లాట్ పాత తరం డీడీఆర్4 అయితే డీడీఆర్5 అందులో పట్టదు, గాటు ఉండే చోటే వేరు. లోపల ఉన్నది ఏదో మాన్యువల్లో చూసి ఇక్కడ పెట్టు, అప్పుడు కొందువుగాని.