అప్‌డేట్: రెండున్నర గంటల్లో కన్యాశుల్కం

గురజాడ అప్పారావు రాసిన ఏడంకాల నాటకం కన్యాశుల్కాన్ని ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే మాలాంటి బృందం రెండున్నర గంటలకు ఎలా కుదించాలని అడిగాను కదా, గత శనివారం ప్రదర్శన అయింది. సలహాలిచ్చిన అందరికీ నమస్కారాలు.

1897 నాటి మొదటి కూర్పు చిన్నదని, అది తీసుకోమని కొందరన్నారు. కానీ వేశ్య పాత్ర మధురవాణి అంత నిండుగా కనిపించేది 1909 కూర్పులోనే. అందుకే దాన్నే కత్తిరించాం. పేకాట సీను పూర్తిగా తీసేశాం. కోర్టు గొడవను రెండు మాటల్లో చెప్పించాం. కుర్రాడు మహేశానికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టే కథను మాత్రం ముట్టుకోలేదు. అది తగ్గితే మిగతా కథే నిలబడదు.

పెద్ద టెన్షన్ నాటకంలోని విజయనగరం యాసతోనే వచ్చింది. మాలో ఎక్కువమంది గుంటూరు, ఖమ్మం వాళ్లం. విజయనగరం నుంచి వచ్చిన ఒక పెద్దాయన రోజూ కూర్చోబెట్టి పలికించారు. మాట తీరు కుదిరాక నటన దానంతటదే వచ్చింది. నవ్వులు ఎక్కువగా గిరీశం మంచం కింద దాక్కునే సీనుకే పడ్డాయి. చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మ పాత్ర వేసిన అమ్మాయి మాత్రం హాలు మొత్తాన్ని నిశ్శబ్దం చేసేసింది, ఆ పాత్రకు అంత బలం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

స్క్రిప్టు కావాలన్న వాళ్లకు ఈ వారంలో పంపిస్తాను.