ఫ్రాంచైజీ రుసుముకు కూడా ముద్రా లేదా పీఎంఈజీపీ రుణం వస్తుందా?

మాది ఒడిశాలోని రాయగడ. మా చెల్లెలు విశాఖపట్నం సంస్థ ఒకదాని బేకరీ ఫ్రాంచైజీ (ఆ సంస్థ పేరుతో దుకాణం నడిపే హక్కు) తీసుకోవాలనుకుంటోంది. మొత్తం ఖర్చు 14 లక్షలు. అందులో 4 లక్షలు తిరిగి ఇవ్వని ఫ్రాంచైజీ రుసుము, మిగిలినది ఓవెన్లు, ఫ్రీజర్లు, దుకాణం అలంకరణ.

ఇక్కడే చిక్కు. ఓవెన్లకు ఇస్తాం గానీ ఆ రుసుముకు ఇవ్వలేమని బ్యాంకు మేనేజరు అంటున్నారు. యంత్రమైతే రేపు అమ్ముకోవచ్చు, ఒప్పందాన్ని ఏం చేసుకుంటామని ఆయన వాదన. అందులో న్యాయం ఉంది. కానీ ఆ రుసుము లేకుండా దుకాణమే లేదు కదా! దాన్ని ప్రాజెక్టు వ్యయంలో చూపించి రుణం పొందినవారు ఎవరైనా ఉన్నారా? నివేదికలో ఏ పద్దు కింద రాశారు?

ముద్రాలో (చిన్న వ్యాపారాలకు కేంద్రం రుణ పథకం) తరుణ్ అనే విభాగం పరిమితి 10 లక్షలే. 20 లక్షల తరుణ్ ప్లస్, ముందు తరుణ్ రుణం తీర్చినవారికే. అందుకే పీఎంఈజీపీ వైపు, అంటే రుణంతో పాటు రాయితీ ఇచ్చే కేంద్ర ఉపాధి కల్పన పథకం వైపు చూస్తున్నాం. మహిళ కాబట్టి సొంత వాటా 5 శాతం చాలు. రాయితీ పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం. ఆ తేడా కోసం దుకాణాన్ని పంచాయతీ పరిధిలోకి మార్చడం నాకు ఇష్టం లేదు, బేకరీకి బజారే ప్రాణం.

ఇంకొకటి: ఒప్పందం 5 ఏళ్లకే, రుణం 7 ఏళ్లకు అడుగుతున్నాం. మధ్యలో సంస్థ పొడిగించకపోతే వాయిదాల గతి ఏమిటి? ఒప్పందంలో ముందే ఏ షరతు రాయించుకోవాలి? బరంపురం, జయపురం, పర్లాకిమిడి వైపు ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి. వచ్చే నెలలోపు సంతకం చేయాలి.