ఇంటి కష్టం బార్డర్ల ఉన్న మనిషికి చెప్పాలా, దాచాలా?

అచ్చంపేట కోడలు:
మా ఆయన ఫౌజ్‌ల నాయక్ ర్యాంకుల ఉన్నడు. పోయినేడు మే నెలల ఆపరేషన్ సిందూర్ అప్పుడు జమ్మూ దిక్కు ఉండె. 2025 మే 7 నుంచి నాలుగు దినాలు ఫోన్ స్విచ్ ఆఫ్. అదే వారం మా మూడేండ్ల పాపకు టైఫాయిడ్ ముదిరి మహబూబ్‌నగర్ల దవాఖానల పడ్డం. పదో తారీఖు లడాయి ఆగినంక ఫోన్ కలిసింది. "అందరం మంచిగున్నం" అన్న. చెప్పొద్దని అత్తమ్మ చేతిల చెయ్యి వేయించుకున్నది.

జులైల సెలవు మీద వచ్చి, బీరువల ఆధార్ కార్డు దేవులాడుతుంటె దవాఖాన ఫైలు దొరికింది. తిట్టలే. ఫైలు పట్టుకొని గడప మీద కూసున్నడు. "నేను ఈ ఇంటికి చుట్టాన్నా?" అన్నడు. డ్యూటీకి పోయిన కాంచి ఫోన్ల రెండు మాటలే. తిన్నవా, పాప తిన్నదా. అంతే.

ఇప్పుడు పల్లి చేను మధ్యల బోరు ఎండింది. అప్పు తెచ్చి కొత్తది వేయిస్తె అదీ ఫెయిల్. మళ్ల చెప్పొద్దనే అంటున్నరు ఇంట్ల. మీరైతె ఏం చేస్తరు?

మాజీ హవల్దార్, మిర్యాలగూడ:
చెల్లె, నువ్వు చేసింది తప్పు కాదు. ఎల్‌ఓసీ, అంటె కశ్మీర్ల పాకిస్తాన్ దిక్కు సరిహద్దు గీత, ఆ పోస్టు మీద రాత్రి సెంట్రీ నిలబడ్డోన్ని చెప్తున్న. మనసు ఇంటికి పోయిందంటె కాలు ఎక్కడ పడ్తదో తెల్వది. ఆ దారుల్ల మైన్లుంటయి. మా సెక్షన్ల ఒక పిల్లగానికి ఇంటి నుంచి ఉత్తరమొచ్చింది, అన్నదమ్ముల భూమి పంచాయితి. మూడు దినాలు అన్నం ముట్టలే. ఆఖరికి సుబేదార్ సాబ్ వాని చేతిల రైఫిల్ తీసుకొని లంగర్ల రొట్టెల డ్యూటీ వేసిండు.

ఏడాదికి 60 దినాలు యాన్యువల్ లీవు, 30 దినాలు క్యాజువల్ అని కాయితం మీద ఉంటది. లడాయి మొదలైతె అన్ని బంద్. రాలేని మనిషికి చెప్తె ఏమొస్తది? మంట తప్ప.

నకిరేకల్ తమ్ముడు:
దాచుడు రెండు దిక్కుల ఉంటది హవల్దార్ సాబ్. 2020 జూన్ 15న లడక్ గల్వాన్ల చైనోళ్లతోటి కొట్లాటల మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబుతో కలిపి 20 మంది పోయిన్రు. అప్పుడు మా అన్న లడక్ల ఉండె. వదినకు మాత్రం పఠాన్‌కోట్ల ఉన్న అని చెప్పిండు. ఆమె నమ్మలే. నమ్మినట్టు ఉన్నది. ఒకలనొకలు కాపాడుకుంటున్నమనుకొని ఇద్దరూ ఒంటిగ ఏడ్చిన్రు.

దేవరకొండ అక్క:
ఇది ఎవ్వలకు చెప్పలే నేను. ఈ చెల్లె కోసం రాస్తున్న.

1999 కార్గిల్ లడాయి. మా ఆయన తోపఖానల గన్నర్, ద్రాస్ల బోఫోర్స్ తోపు మీద. సంక్రాంతికి సెలవు మీద వచ్చిపోయిండు, నాకు నెల తప్పింది. ఊరంతటికీ ఒక్కటే ఫోన్, కిరాణ సేటు ఇంట్ల. అదే మాకు పీపీ నంబరు. అది మోగుడు తక్కువ. ఇగ ఉత్తరాలే. నంబరు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఫౌజ్ పోస్టాఫీసు) అని రాస్తె చాలు, ఏ కొండ మీదున్నా చేరేది. నాకు చదువు రాదు. ఆడిబిడ్డ ఇన్‌లాండ్ కవరు మోకాలి మీద పెట్టుకొని రాసేది. "మేమంతా ఇక్కడ క్షేమం, నీవు క్షేమమని తలుస్తాము." పక్కన ఆడిబిడ్డ, ఎదురుంగ అత్త. ఇగ నేనేం చెప్పాలె? ఆయన ఉత్తరం కూడ ఆమెనే సదివేది. "ఇక్కడ సల్లగ మంచిగుంది" అని రాసేటోడు. ద్రాస్ల సల్లగ మంచిగుందట!

టీవీల తోలోలింగ్ కొండ మనోళ్లకు దొరికిందని చెప్పిన వారమే, జూన్ల, నాకు కడుపు పోయింది. ఐదో నెల. ఎవ్వలూ రాయనియ్యలే. నేనూ రాయమని గట్టిగ అడగలే, అది నా తప్పు. ఆయన మాత్రం బిడ్డ సంగతి రాస్తనే ఉన్నడు. ఆడిపిల్లయితె ఈ పేరు, మొగపిల్లగాడైతె ఈ పేరు అని. ఆడిబిడ్డ సదువుతుంటె పొయ్యి దిక్కు తిరిగి కూసునేదాన్ని.

సద్దుల బతుకమ్మకు రెండు దినాల ముందు వచ్చిండు. సంచిల నుంచి ముందుగాల తీసింది ఉన్ని టోపీ. నా పిడికిలంత ఉంటది. పసుపు రంగుది, చెవుల కాడ దారాలు. అప్పుడు చెప్పినం.

చాన ఏండ్లకు ఒక్కసారే అన్నడు: "చెప్పుంటె రాత్రంత ఏడ్చేటోన్ని. తెల్లారి గన్ను కాడికే పోయేటోన్ని. మీరు నాకు ఏడుపు కూడ మిగల్చలే." 26 ఏండ్లు దాటింది. ఆ టోపీ నల్ల ట్రంకు పెట్టెల్నే ఉన్నది.

హవల్దార్ అన్నా, మీ మాట తీసెయ్య. గాని మీ సుబేదార్ సాబ్ లంగర్ డ్యూటీ ఎందుకు వేసిండు? ఆ పిల్లగాని ఇంటి సంగతి తెల్సింది గన్కనే గదా! తెల్వకుంటె ఆ మనసుతోనే సెంట్రీ నిలబెట్టేటోడు. చెల్లె, తుపాకులు పేలుతుంటె ఆగు. ఆగినంక దాచకు. సగం చెప్పకు, సగం మాటనే మనిషిని తింటది. ఏమైంది, ఇప్పుడెట్లున్నది, పక్కన ఎవరున్నరు, అంతా చెప్పు. మీకు వీడియో కాల్ ఉన్నది, నడుమ ఆడిబిడ్డ లేదు.

మాజీ హవల్దార్, మిర్యాలగూడ:
అక్కా, మీ మాట రెండుసార్లు సదివిన. మా కాలంల "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ" అని టెలిగ్రాంలు వచ్చేటివి. సెలవు కోసం అబద్ధాలు కొట్టించేటోళ్లు ఎక్కువై నిజంది వచ్చినా తొందరగ నమ్మకపోయేది. నాకు గట్లనే వచ్చింది. సెలవు మంజూరై ఇల్లు చేరేసరికి మా అవ్వ బూడిద వాడపల్లి సంగమంల కలిపి వచ్చిన్రు. కనీసం టెలిగ్రాంల "పోయింది" అని ఉంటె రైలంతా ఆశ పెట్టుకోకపోదును.

అయినా లడాయి నడుస్తున్న ఆ నాలుగు దినాలు చెప్పొద్దనే అంట. అక్కడ నేను మారను. బోరు సంగతి మాత్రం చెప్పు చెల్లె. అది ఆయన భూమి గూడ.

నకిరేకల్ తమ్ముడు:
చెప్పినంక ఒక ముక్క రాయి వదినా. మా వదినకు ఇదంతా సదివి వినిపించిన.

అచ్చంపేట కోడలు:
రాత్రి చెప్పిన. అప్పు ఎంతో, ఎవలకాడ తెచ్చినమో కూడ. కాసేపు మాట రాలే, లైను కట్టయిందనుకున్న. తర్వాత "ఎన్ని ఫీట్లు పోయింది?" అన్నడు. 450 అన్న. "తడి తాకిందా, దుమ్మేనా?" దుమ్మే అన్న. వీడియో పెట్టమన్నడు. పొద్దుగాల చేన్లకు పోయి బోరు కాడ పోసిన తెల్ల దుమ్ము కుప్ప చూపెట్టిన. పాప దాని మీద ఎక్కి కూసున్నది. "కేసింగ్ పైపులు ఎవలకు ఇయ్యకు, ఉగాదికి వస్త" అన్నడు.